ఊపిరి పట్టు బిడ్డా

నిన్న పొద్దున ఆ నంబరు నా ఫోన్‌లో మళ్ళీ మోగింది. తెర మీద "కాక ల్యాబ్" అని కనబడింది. కరోనా రెండో అల రోజుల్లో ఇదే నంబరు పద్నాలుగు రోజులు వరసగా మోగితే ఒక్కసారి కూడా ఎత్తని దాన్ని నేను. నిన్న ఎత్తాను. అటు నుంచి ఆడగొంతు వినిపించింది.

"నేను మీ కాక పెండ్లాన్ని మాట్లాడుతున్న బిడ్డా. కాక పోయిండు. పది దినాలైంది. ఫోన్‌ల ఉన్న నంబర్లన్నిటికి ఒక్కొక్కటి చెప్తున్న."

ఆ తరువాత ఆమె ఇంకా కొన్ని మాటలు చెప్పింది. అవి చెప్పే ముందు ఆ మనిషిని మీకు చూపించాలి. లేకపోతే ఆ మాటలు నా ఒక్కదాని నెత్తి మీదే ఉండిపోతాయి, అంత మోసే ధైర్యం నాకు లేదు.

ఆయన నాకు సొంత కాక కాదు. మాది సూరత్‌లో స్థిరపడిన సాంచాల ఇల్లు. పవర్‌లూమ్‌లను మావాళ్ళు సాంచాలంటారు. మా బాపు ముప్పై ఏళ్ళు వాటి మధ్యనే నిలబడ్డాడు. కాకదీ మా వైపే, కరీంనగర్ అవతల ఒక పల్లె. సూరత్ పక్కనే ఉన్న కడోదరాలో ఇరవై ఏళ్ళు సాంచాలు నడిపి, వినికిడి సగం, ఊపిరి సగం అక్కడే వదిలిపెట్టి, ఒక కాంట్రాక్టరు కింద మా కాలేజీ ప్రయోగశాల ఊడ్చే పనికి వచ్చాడు. నేనక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను. గుజరాతీలో కూడా కాకా అంటే చిన్నాన్నే కాబట్టి మా గైడ్ సర్ మొదలు గేటు కాపలాదారు దాకా అందరికీ ఆయన కాకే. నన్ను మాత్రం నలుగురిలో "మేడం" అని, ఇద్దరమే ఉన్నప్పుడు "బిడ్డా" అని పిలిచేవాడు. ఆ మేడంలో ఎంత వెటకారం ఉండేదో నాకు తెలుసు.

మా ప్రయోగశాలలో చేసేది పొరలు. గోరంత గాలియం ఆర్సెనైడ్ ముక్క మీద ఒక పదార్థం, దాని మీద మరో అర్ధవాహకం పలుచగా పెంచి ఉంటారు. మధ్యలో ఉన్న పదార్థాన్ని ఆమ్లంతో కరిగించేస్తే పైపొర ఒక్కటే అంచుల ఆధారంతో గాలిలో నిలుస్తుంది. వెంట్రుకను నిలువునా వెయ్యి పొరలుగా చీల్చగలిగితే అందులో ఒకటి ఎంతుంటుందో అంత మందం. దాని మీద లేజర్ వెలుతురు పడితే ఆ వెలుతురు తోపుకే అది వణుకుతుంది. అంత చిన్న వణుకు దగ్గర ప్రకృతి మనకు తెలిసిన లెక్కల్లో ఉండదు, క్వాంటమ్ లెక్కల్లోకి పోతుంది. అంత చిన్న వణుకును చూడగల పెద్ద ప్రయోగశాల వేరే ఊళ్ళో ఉంది. ఒక్క మచ్చ లేకుండా, ఒక్క చీలిక లేకుండా పొర తయారుచేసి వాళ్ళకు పంపడం మా పని. నేను చేరిన మొదటి ఏడాదంతా ఒక్కటి కూడా పంపలేకపోయాను.

ఎందుకంటే పొరను కరిగించడం కష్టం కాదు, తడిలోంచి బయటికి తేవడం కష్టం. నీళ్ళలోంచి నేరుగా ఎత్తితే నీటి బిగువుకే చిరిగిపోతుంది. అందుకని నీళ్ళలోంచి ఆల్కహాల్‌లోకి, ఆల్కహాల్‌లోంచి ఆరబెట్టే యంత్రంలోకి మార్చాలి. మార్చేటప్పుడు ముక్క మీద ఒక చుక్క తడి ఒరిగిపోకుండా నిలిచి ఉండాలి. చెయ్యి వణికినా, దగ్గినా, తుమ్మినా మూడు వారాల పని గోవిందా. నేను నాలుగు చించాక ఒకరోజు వెనక నుంచి నవ్వు వినిపించింది. చీపురు పట్టుకుని కాక నిలబడి ఉన్నాడు.

"పట్టుకారును గట్ల పిసుకుతరా మేడం? తేలును పట్టుకున్నట్టు పట్టుకుంటివి. ఇటియ్యి."

ఇచ్చాను. ఎలాగూ చిరిగేదేగా అని ఇచ్చాను. ఆయన పట్టుకారు అందుకుని, అరచెయ్యి ఛాతీకి ఆనించి, గాలి పీల్చి బిగబట్టాడు. ముక్క ఎత్తాడు, దించాడు. చుక్క కదలలేదు. తర్వాత నెమ్మదిగా ఊపిరి వదిలి, "ఊపిరి పట్టు బిడ్డా. ఎత్తేటప్పుడు చేతులతోటి కాదు, ఛాతీతోటి ఎత్తాలె" అన్నాడు. సగం చెడిపోయిన ఆ ఛాతీతో అంతసేపు ఊపిరి ఎలా బిగబట్టేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు నుంచి చీపురు మూలన పెట్టి ఆయన పట్టుకారు పట్టాడు. సర్ ఆయనకు చేతి తొడుగులు, ముఖకవచం ఇప్పించి ఆమ్లాల జాగ్రత్తలన్నీ నా చేత నేర్పించాడు.

పొర గట్టిగా లాగినట్టు ఉంటే, ఒకసారి తట్టాక ఎక్కువసేపు మోగుతుందని ఆయనకు చెప్పాను. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "పడుగు గుంజి కడితెనే కదా బట్ట బట్టోలె ఉంటది. సడలినదాని మీద ఏం నేస్తవు?" అన్నాడు. చెవులు సరిగా వినపడకపోయినా సాంచా మీది పోగుల బిగువు వేలికొసతో చెప్పగలిగిన మనిషి. పొరను తట్టి చూసే మా చిన్న లేజర్ యంత్రం తెర మీద వణుకు గీత ఎంతసేపు సాగితే అంతసేపు దానివైపే చూస్తూ కూర్చునేవాడు. అది పూర్తిగా చదునయ్యేదాకా లేచేవాడు కాదు.

ఆయన జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఉండేది. సాంచాల దుమ్ము ఛాతీలో పేరుకుంటే బెల్లం దాన్ని కిందికి దించుతుందని మావాళ్ళ నమ్మకం. బెల్లం దించిందో లేదో గానీ దగ్గు పోలేదు. పనిలో ఉండగా దగ్గు వస్తే తలుపు మీద రెండుసార్లు తట్టి బయటికి పోయేవాడు. గ్యాస్ సిలిండర్ల వెనక మెట్ల మీద తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, కళ్ళు తుడుచుకుని, బెల్లం చప్పరిస్తూ వచ్చేవాడు. పొడిదగ్గు, పొద్దుటి పూట ఎక్కువ, చివర గొంతు సవరింపు. మా ఇంట్లో అదే దగ్గుతో తెల్లవారుతుంది. బాపుదీ అదే దగ్గు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆయన నాకు నేర్పిన ఇంకో విద్య సాంచాల సైగలు. ఆ చప్పుళ్ళలో మాట వినపడదు కనుక పనివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు పిడికిళ్ళు కలిపి విడదీస్తే తెగింది అని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపితే అతుకుతున్నా అని. కరోనా వచ్చి మాస్కు మీద మాస్కు, దాని మీద ముఖకవచం పెట్టుకున్నాక, పెదాల కదలిక చూసి మాట పట్టుకునే ఆయనకు మా మాటలు పూర్తిగా పోయాయి. అప్పుడు ఆయన నేర్పిన సైగలే మా ఇద్దరి భాష అయ్యాయి. పొర చిరిగినప్పుడు పిడికిళ్ళు విడదీసి, వెంటనే వేళ్ళు నలిపేవాడు. తెగింది అని ఒట్టిగా ఏనాడూ ఆపలేదు.

నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం ఆమ్లం రోజున.

మేం వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చూడటానికి నీళ్ళే. ఒంటి మీద పడితే చాలాసార్లు మొదట మంట కూడా తెలియదు, ఊరకే లోపలికి పోతుంది, ఎముక దాకా పోతుంది. కాక దాన్ని "సప్పుడు లేని దొంగ" అనేవాడు. మా నేతవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు సాంచాను ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. మంచి జరిగినా కళ్ళకద్దుకుంటాం. ఎవరూ నేర్పరు, ఒంట్లోనే ఉంటుంది. కాక మొదటి రోజే ఆ సంగతి కనిపెట్టాడు. ఆమ్లం బల్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచేవాడు. అదేంటని అడిగితే, "కండ్లతోనే మొక్కుతున్న. ఈ దేవునికి చేతులు పనికిరావు" అన్నాడు. నేను నవ్వాను.

నవ్విన దాన్నే నేను. రెండో అల అప్పుడే మొదలవుతున్న రోజుల్లో నా చేత్తో చేసిన మొదటి పొర నిండుగా నిలిచింది. ఆమ్లం గిన్నె పక్కన పెట్టి, ఆవిరి పట్టిన ముఖకవచం పైకెత్తి, సూక్ష్మదర్శినిలో చూశాను. అద్దంలా ఉంది, ఒక్క ముడత లేదు. ఏడాది చించాక ఒక్కటి. నా కుడిచెయ్యి దానంతట అది ఆ గాజు పళ్ళెం అంచును తాకి కళ్ళ మీదికి లేచింది. మధ్యలో ఎవరో నా మణికట్టు విరిచేసినట్టు పట్టుకున్నారు.

కాక. నా వేళ్ళ వైపు చూశాడు. తొడుగు మీద ఒక చుక్క మెరుస్తోంది. ఆ చుక్కకూ నా కన్నుకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఆ చెయ్యి అలాగే దూరంగా పట్టుకుని నన్ను కుళాయి దాకా నడిపించి, తొడుగుల మీద నీళ్ళు వదిలి, తిరగేసి తీయించి, మళ్ళీ చేతుల మీద నీళ్ళు వదిలాడు. ఎంతసేపు వదిలాడో తెలియదు. ఆ తర్వాత ఆయన నేల మీద కూలబడ్డాడు. నేను కూడా ఆయన ఎదురుగా కూర్చుండిపోయాను.

"మీ అమ్మకు నేనేం జెప్పుదును?" అన్నాడు. "నీ కండ్లు పోతె మీ అమ్మ ముందల ఏ మొకం పెట్టుకుని నిలబడుదును బిడ్డా?"

మా అమ్మను ఆయన ఏనాడూ చూడలేదు. అయినా ఆమెకు జవాబు చెప్పాల్సిన వాడు తనేనని ఆయన లెక్క.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. రెండో అల వచ్చినప్పుడు సూరత్ ఎలా ఉండేదో ఇక్కడున్న వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అంబులెన్సుల కూత ఆగేది కాదు. మా గల్లీలో వారంలో మూడు ఇళ్ళ ముందు చెప్పులు అలాగే ఉండిపోయాయి, వేసుకునేవాళ్ళు రాలేదు. రెండు గదుల ఇంట్లో అమ్మ, బాపు, నేను. బాపు దగ్గితే పక్కింటివాళ్ళు కిటికీ మూసేవారు. నేను రోజూ ల్యాబ్ నుంచి వచ్చి గుమ్మం బయటే బట్టలు బకెట్లో ముంచి, నన్ను నేను పాములా చూసుకుంటూ లోపలికి వెళ్ళేదాన్ని. నా వల్ల బాపుకు అంటుకుంటే ఆయన ఆ ఛాతీతో మూడు రోజులు కూడా నిలవడు. పగలూ రాత్రీ నా భయమంతా అదే.

కాక భయం ఇంకోటి. దగ్గు వినపడితే కాలేజీ గేటు బయటికే, ఆ తర్వాత తెల్ల పీపీఈ కిట్లవాళ్ళ బండి. అందుకని ఆయన దగ్గును దాచేవాడు. గేటు దగ్గర నుదుటికి యంత్రం పెట్టి "ఖాంసీ హై?" అని దగ్గు ఉందేమో అడుగుతుంటే బెల్లం బుగ్గన పెట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. లోపలికి వచ్చాక మెట్ల మీదికి పరుగు. తువ్వాలును రెండు మడతలు కాదు, నాలుగు మడతలు పెట్టేవాడు. ఒకరోజు నేను అక్కడికి వెళ్తే, ఎర్రబడిన కళ్ళతో నా వైపు చూసి, "పాతదే బిడ్డా. సాంచాలదే. నీకెరికే కదా" అన్నాడు. ఎరుకే అన్నాను. నిజంగానే ఎరుక. జ్వరపు దగ్గుకూ సాంచాల దగ్గుకూ తేడా, ఆ కాలేజీ మొత్తంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ వారమే పక్క విభాగంలో ఒకాయన పోయాడు. మరుసటి రోజు పొద్దున సర్ కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది. "సచ్ బోలో, నిజం చెప్పండి. ల్యాబ్‌లో ఎవరికైనా ఖాంసీ ఉందా? దాస్తే అందరం పోతాం" అన్నాడు.

ఆ రోజు తెల్లవారుజామున బాపు మామూలు కంటే ఎక్కువ దగ్గాడు. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాతోపాటే ల్యాబ్‌కు వచ్చింది. నాకు తెలుసు, అది పాత దగ్గే. రెండూ పాత దగ్గులే. తెలిసీ నా నోరు తెరుచుకుంది. "కాకకు ఉంది సర్" అన్నాను. సాంచాల దగ్గు అని ఆ రెండో మాట అనడానికి ఒక్క క్షణం పట్టేది. అనలేదు. అంటే వదిలేస్తారేమో, వదిలేస్తే రేపు నిజంగానే ఏదైనా అయితే అనుకున్నాను. భయంలో మనిషి ఎంత తెలివిగా ఆలోచిస్తాడో అప్పుడు చూశాను, నన్ను నేనే.

గంటలో బండి వచ్చింది. కాక అప్పటికి ఒక ముక్కను ఆల్కహాల్‌లోకి మార్చి నా కోసం చూస్తున్నాడు. ఇద్దరు తెల్లబట్టల మనుషులు గుమ్మం బయట నిలబడి రమ్మన్నారు. ఆయనకు వాళ్ళ మాట వినపడలేదు, కానీ అర్థమైంది. తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, జేబు తడిమి బెల్లం ఉందో లేదో చూసుకున్నాడు. ఎవరు చెప్పారని ఒక్కమాట అడగలేదు. కిందికి దిగి బండి ఎక్కాక వెనక కిటికీలోంచి పైకి చూశాడు. నేను మెట్ల దగ్గర ఉన్నాను. వేలెత్తి ల్యాబ్ వైపు చూపించాడు, గిన్నెలో ముక్క ఉందని. తర్వాత అరచెయ్యి ఛాతీకి ఆనించాడు. ఊపిరి పట్టు, ఎత్తు.

నేను పైకి వెళ్ళి ఆ ముక్కను ఎత్తాను. చుక్క ఒరగలేదు. ఆరబెట్టి చూస్తే నేను చూసిన వాటన్నింటిలో అదే మంచి పొర. ఆ రోజు లేజర్ కింద అది మోగుతూనే ఉంది, గీత చదునవుతుందని కూర్చుంటే అవనే లేదు. పెద్ద ప్రయోగశాలకు పంపింది అదే. నాకు పేరు తెచ్చిందీ అదే.

ఆ సాయంత్రం నుంచే ఫోన్ మొదలైంది. మొదటి రోజు రెండుసార్లు. ఆ తర్వాత రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. క్వారంటైన్ గదిలో ఒంటరిగా కూర్చుని తిడతాడని, ఏడుస్తాడని, లేదా తిట్టకుండా ఏడవకుండా "నీకెరికే కదా బిడ్డా" అని ఆ ఒక్క మాటా అంటాడని భయపడ్డాను. మోగినంతసేపూ ఫోన్‌ను దిండు కింద పెట్టి కూర్చునేదాన్ని. పద్నాలుగో రోజుతో అది ఆగింది. పరీక్షలో ఆయనకు ఏమీ లేదని తేలిందట. కానీ కాంట్రాక్టరు అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నాడు. దగ్గే మనిషికి మళ్ళీ లోపల చోటివ్వడానికి కాలేజీ ఒప్పుకోలేదు. ఆయన ఊరికి పోయాడని కాపలాదారు చెప్పాడు. నేను ఫోన్ చేయలేదు. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ ఏడాది గడిపాను. బాపు దగ్గుతూ బాగానే ఉన్నాడు.

నిన్న ఆ ఫోన్‌లో ఆమె చెప్పింది విన్నాక నేను ఉండబట్టలేకపోయాను.

"చిన్నమ్మా, అప్పుడు కాక దగ్గు సంగతి చెప్పింది నేనే" అన్నాను.

"ఎరుకే బిడ్డా. నీకు తప్ప ఎవలికెరుక గా దగ్గు?"

"కాకకూ తెలుసా?"

"తెల్వకేం. బండెక్కినప్పుడే ఎరుకైంది ఆయినకు. పిల్ల భయపడ్డది, ఇంట్ల తండ్రి ఉన్నడు గదా అన్నడు." వెనక ఎక్కడో గిన్నె చప్పుడు. "గని గా పద్నాలుగు దినాలు ఆయిన నిద్ర పోలేదు బిడ్డా. నాకు నిజంగనే ఉన్నదేమో, నీళ్ళ కాడ పిల్ల చేతులు పట్టుకుంటి, పట్టుకారు అందిస్తి, పిల్లకంటిచ్చిన్నేమో అని ఒక్కటే రంది. పొద్దుగాల, మాపటికి నీకు ఫోన్ జేసుడే. నువ్వు ఎత్తకపోతివి. ఎత్తకపోయేసరికి, పిల్లకు మంచిగ లేదు, దవాఖానల పడ్డది, నా పాపమే అని గోడకు తల ఆనిచ్చి కూసునెటోడట. ఊరికొచ్చినంక గుడ ఆ రంది పోలే. ఎవల్నన్న అడుగు అంటె, ఏం వినాల్నో ఏమో అని అడగలే."

నా అరచెయ్యి ఎప్పుడు ఛాతీ మీదికి వెళ్ళిందో తెలియదు.

"ఇంతకు నీకు జ్వరమొచ్చిందా బిడ్డా అప్పుడు?" అని అడిగింది ఆమె.

"రాలేదు చిన్నమ్మా. నాకేం కాలేదు."

"గా ఒక్క ముచ్చట ఆయినకు జెప్పకపోతివి" అన్నది, తిట్టినట్టుగా కాదు, మామూలుగానే. ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్ళు ఉన్నారని పెట్టేసింది.